అడుగు దూరంలో గడ్డి

"కాలు కదిలిచ్చినావంటే సూడు," అన్నాడు సుదర్శన్.

మెట్ల గది గడప మీద నీడలో కూర్చున్నాడు. చేతిలో టమోటా బాక్సులకు కట్టే నైలాన్ తాడు ఉంది. దాన్ని రెండు మడతలు పెట్టి కొసన ముడేశాడు. అతనికి ఎదురుగా, ఎండలో, ఉత్తి కాళ్లతో నవనీత నిలబడి ఉంది. పోయినేడు మిద్దె కురుస్తోందని పూయించిన నల్ల కోటింగు మే నెల ఎండకు మెత్తబడి అరికాళ్లకు అంటుకుంటోంది. ఒక కాలు ఎత్తి రెండో పాదం మీద పెట్టుకుంటే అతను లేచి వచ్చి పిక్క మీద ఒకటి వేసి మళ్లీ నీడలోకి పోతాడు. రెండు కాళ్లూ ఆనించే నిలబడాలి. అది షరతు.

ఆమె ఎడమ కాలికి అడుగు దూరంలో గడ్డి ఉంది. మిద్దెలో సగం మేర ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద కొబ్బరిపీచు, ఆపైన పలచగా మన్ను పోసి పెంచిన గరిక. అంచు వెంబడి టేబుల్ రోజాలు. పొద్దున ఆమె పోసిన నీళ్ల తేమ ఇంకా ఆరలేదు. ఆ చల్లదనం ఆమె కాలి మడమకు తగులుతోంది కూడా. అంత దగ్గర.

ఆమె చేసిన తప్పు ఫోను ఎత్తకపోవడం. మండీలో వేలం ముగించుకుని ఇంటికొస్తూ అన్నం వడ్డించి పెట్టమని అతను ఫోను చేశాడు. ఆమె పైన గడ్డిలో కలుపు ఏరుతోంది. ఫోను కింద వంటింట్లో మోగి మోగి ఊరుకుంది. "గడ్డి మింద అంత ప్రేమ ఉంటే గడ్డి పక్కనే నిలబడు. ఎవురొద్దన్నారు?" అన్నాడు వచ్చి. ఇలాంటి చమత్కారాలు తట్టడంలో సుదర్శన్‌ను మించినవాడు పుంగనూరు టమోటా మండీలో లేడు.

మిద్దె మధ్యలో ఇనుప పైపు పాతి ఉంది. దాని తల మీద బూడిద రంగు డబ్బా, అరచేయంత సోలార్ ప్లేటు. డబ్బాకు అటొకటి ఇటొకటి గోళీలంత కళ్లు. ఒకటి గడ్డి మీదికి వంగి ఉంటుంది, ఇంకొకటి నల్ల కోటింగు మీదికి. అవి చూసేది వేడిని మాత్రమే. గడ్డి వేసిన వైపు ఎంత చల్లబడుతుంది, వేయని వైపు ఎంత కాగుతుంది అని కొలిచి, ఆ అంకెలను సిమ్ము ద్వారా మదనపల్లెలోని ఆఫీసుకు పంపిస్తాయి. పంపిన ప్రతిసారీ ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరుతుంది. ఇదంతా దాన్ని బిగించడానికి మదనపల్లె నుంచి వచ్చిన కుర్రాడు తిమోతి చెప్పాడు, నవనీత శ్రద్ధగా విన్నది. సుదర్శన్ వినలేదు. మిద్దె మీద తోట ఉచితంగా వేస్తామని మదనపల్లె సంస్థవాళ్లు అడిగితే ఒప్పుకున్నాడు, దాని ముందు నిలబడి ఫోటో దిగి స్టేటస్ పెట్టుకున్నాడు. అంతటితో అతనికి తోట పని అయిపోయింది.

అరికాళ్లు మండటం మానేసి మొద్దుబారడం మొదలుపెట్టాయి. నవనీతకు మంటకంటే దానికే ఎక్కువ భయం వేసింది. అప్పుడు ఎర్ర లైటు వెలిగింది.

"అది కెమెరా," అంది.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఏంది?"

"ఆ డబ్బాలో కెమెరా ఉండాది. ఈడ జరిగేదంతా మదనపల్లెలో సూస్తాండారు. లైటు ఎలిగింది సూడు."

సుదర్శన్ డబ్బా వైపు చూశాడు. తాడున్న చెయ్యి మెల్లగా వీపు వెనక్కి పోయింది. లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "అన్నం సల్లారిపోతాంది, రా," అన్నాడు మర్యాదగా, ఎవరికో వినపడాలన్నట్టు. ఆపైన మెట్లు దిగిపోయాడు.

ఆమె ఆ ఒక్క అడుగూ వేసి గడ్డిలో కూలబడింది. తడి మన్ను గుప్పిళ్లతో తీసి అరికాళ్ల మీద వేసుకుని ఏడ్చింది. ఆమె నిలబడిన చోట నల్ల కోటింగు మీద రెండు పాదాల గుర్తులు పడ్డాయి. వాటిలో ఆమె చర్మం కొంత మిగిలిపోయింది.

మర్నాటి నుంచి నవనీత కాపురం మిద్దె మీదికి మారింది. బియ్యం ఏరడం, కూరగాయలు తరగడం, బట్టలు మడవడం, అన్నీ గడ్డి మీదే. అరికాళ్లకు కలబంద గుజ్జు రాసుకుని పాత చీర పేలికలు చుట్టుకుంది. కింద సుదర్శన్ పాత సుదర్శనే. పప్పులో ఉప్పు ఎక్కువైందని వంటింట్లో జుట్టు పట్టుకుంటే, చేతిలో ఊడొచ్చిన వెంట్రుకలు అతనికే వదిలేసి, పాదాల అంచుల మీద మెట్లెక్కి డబ్బా కింద కూర్చునేది. అతను ఆఖరి మెట్టు దాకా తరుముకొచ్చి ఆగిపోయేవాడు. పైకి రావాల్సి వస్తే తల దువ్వుకుని, చొక్కా వేసుకుని వచ్చేవాడు. "బోంచేసినావా?" అనేవాడు, ముఖం డబ్బా వైపు పెట్టి. పెళ్లయినాక ఆ ప్రశ్న ఆమె అతని నోట వినడం అదే మొదలు. ఆమెకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లకు తనకు నవ్వొచ్చిందని ఆశ్చర్యం కూడా వేసింది.

రోజూ పొద్దున పాత చీర ముక్కతో డబ్బా కళ్లు తుడిచేది. తిమోతి నేర్పిన పనే అది, దుమ్ము పడితే అంకెలు తప్పుతాయని. ఇప్పుడు మాత్రం ఇంకాస్త భక్తిగా తుడుస్తోంది.

సుదర్శన్ ఆలోచించడం మొదలుపెట్టాడు. అక్కడే చెడింది. డబ్బా పెట్టింది ఉగాది ముందు. ఉగాది నుంచి ఈ మిద్దె మీద తను ఏమేం చేశాడో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. బక్కెట్టుతో కొట్టింది, పిట్టగోడకు తల అదిమింది, మొన్నటి ఎండ. అవన్నీ మదనపల్లెలో ఎవరో కూర్చుని చూశారు. మండీలో ఎవరైనా నవ్వితే తనను చూసే నవ్వుతున్నారనిపించింది. నేను పెళ్లాన్ని కొడుతుంటే చూశారని ఎవరితో చెప్పుకోగలడు? కానీ అదే కన్ను నా పెళ్లాన్ని చూసిందని చెప్పుకోవచ్చు. పక్క మిద్దెల మీద తలలారబెట్టుకునే ఆడవాళ్లను చూసిందని చెప్పుకోవచ్చు. భయం ఈ దారిలో పడేసరికి అతనికి ఊపిరాడింది. పక్కింటి కదిరప్ప దగ్గరికి పోయాడు. కదిరప్ప రిటైరైన బస్సు కండక్టరు, వీధికి పెద్ద, ఇంట్లో ఇద్దరు కోడళ్లు.

"నీకెవురు సెప్పినారప్పా?" అన్నాడు కదిరప్ప.

"మా ఆడమనిషే సెప్పింది. అబద్దం సెప్తుందా?"

తిమోతి రెండు రోజుల తర్వాత వచ్చాడు. ఇంకో వారానికి రావలసినవాడు ముందే వచ్చాడు. స్కూటర్ వాకిట్లో నిలిపి, హెల్మెట్ చేతిలో పట్టుకుని, "అక్కా, ఉండావా?" అని కేకేసి మెట్లెక్కాడు. మనిషి బక్కపలచన, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే వేళ్లు. సంచిలోంచి స్క్రూడ్రైవరు, మెత్తని గుడ్డ, వేడి కొలిచే చిన్న తుపాకీ లాంటిది తీశాడు. దాన్ని నేల వైపు గురిపెట్టి నొక్కితే అంకె చూపిస్తుంది. డబ్బా చెప్పే అంకె సరైనదో కాదో దానితో సరిచూసుకుంటాడు.

"కన్ను మింద దుమ్ము పడిందేమో అక్కా. మొన్న మద్దేనం నల్ల పక్క లెక్క తేడాగా వచ్చినాది," అన్నాడు.

"దుమ్మేమీ లేదప్పా. దినామూ తుడస్తాండాను," అంది. ఈ పూట నువ్వు పో అని చెప్పాలని ఆమెకు అనిపించింది. కారణం చెప్పకుండా ఎలా చెప్పాలో తెలియలేదు. ఆలోపే కింద తలుపు దడాలుమంది.

ముందు సుదర్శన్, వెనక మండీ హమాలీలు నలుగురు, వాళ్ల వెనక కదిరప్ప, వీధి మగవాళ్లు. ఆ వీధిలో ఆడవాళ్ల మానం గురించి మగవాళ్లకు ఇంత పట్టింపు ఉందని ఆ రోజే తెలిసింది. తిమోతి చేతిలో ఉన్న తుపాకీ లాంటిది కదిరప్ప మిద్దె వైపు తిరిగి ఉంది. అది చాలు.

మొదటి దెబ్బ నోటి మీద పడింది. తిమోతి ఏదో చెప్పబోయి పన్ను ఉమ్మాడు. ఇద్దరు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. టమోటా బాక్సులు లారీకెత్తే చేతులు అవి. సుదర్శన్ పైపును పట్టి ఊపి ఊపి పెకలించాడు. డబ్బా ఊడి నేలన పడితే మడమతో తొక్కాడు. సోలార్ ప్లేటు పగిలింది. ఆ పైపుతోనే తిమోతి కుడి చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నవనీతకు గడ్డిలో నిలబడిన చోటికి వినబడింది.

"కెమెరా కాదన్నా, వేడి... వేడి సూసే మిషను..."

"వేడా? వేడి సూపిస్తా రా."

జుట్టు పట్టి వంచి అతని చెంప నల్ల కోటింగుకు అదిమాడు. మోకాలు మెడ మీద పెట్టాడు. తిమోతి కాళ్లు తన్నుకున్నాయి. హమాలీ ఒకడు వాటి మీద కూర్చున్నాడు. కదిరప్ప విరిగిన చేతి మణికట్టును నొక్కి పట్టుకున్నాడు, తెలిసి కాదు, అందింది అదే కాబట్టి. ఎవడో డొక్కలో తన్నాడు, ఇంకెవడో తన్నాడు. అసలు సంగతేమిటో తెలియనివాళ్లే ఎక్కువగా తన్నారు.

తిమోతి ఒక కన్ను నేలకు అదిమి ఉంది. రెండో కన్ను నవనీతను వెతికి పట్టుకుంది.

"అక్కా. సెప్పక్కా. నీకు ఎరికే కదా. సెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. సుదర్శన్ కూడా తిరిగాడు. పైపు అతని చేతిలోనే ఉంది. "నువ్వే కదా సెప్పింది?" అన్నాడు.

నవనీత నోరు తెరిచింది. పైపు కొసన అంటిన నెత్తురు కనబడింది. కాదంటే ఆ పైపు ఇంతమంది ముందు తన మీదికి రాదు. వీళ్లంతా దిగిపోయాక, తలుపు వేశాక వస్తుంది. అప్పుడు పైన డబ్బా కూడా ఉండదు. ఆమె నోరు మూసుకుంది, తల దించుకుంది. ఆడది తల దించుకుంటే అవునని అర్థం చేసుకునే వీధి అది. మళ్లీ మొదలుపెట్టారు.

పోలీసులు వచ్చేసరికి తిమోతి కదలడం లేదు.

ఆ సాయంత్రమే సుదర్శన్ ఆమెను కుప్పం బస్సెక్కించాడు. "మీ పిన్నమ్మ ఇంట్లో కొన్నాళ్లుండు. స్టేషనోళ్లు పిలిస్తే నేను సెప్తా, అప్పుడొచ్చి ఆ మాటే సెప్పు," అన్నాడు. బస్టాండులో సోడా కూడా కొనిచ్చాడు.

పిన్నమ్మ సుశీలమ్మ ఇల్లు కుప్పంలో రాళ్లు పాలిష్ చేసే షెడ్డు వెనక. ఇంటి మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లని రాతిపొడి. ఎదురుగా చిన్న ఇంగ్లీషు మీడియం బడి. పొద్దున పళ్లు తోముకుంటూ తలెత్తితే బడి మిద్దె మీద గరిక కనబడింది. గరిక మధ్యలో ఇనుప పైపు, బూడిద రంగు డబ్బా. నవనీత చేతిలోని చెంబు జారింది.

డబ్బాకు ఒక పక్క సొట్టలు పడ్డాయి. కింద రాళ్లు కుప్పగా ఉన్నాయి.

"అదా? పాపిష్టి పెట్టె," అంది సుశీలమ్మ. "నిన్న మాపిటేల పిలకాయల అబ్బలంతా వచ్చి రాళ్లేసినారు. మదనపల్లి నుంచి వొకడు వచ్చి ఊరూరా ఆడోళ్ల మింద కెమెరాలు పెట్టినాడంట. పుంగనూర్లో ఎవురో సంసారి కనిపెట్టి పట్టిచ్చిందంట. ఆయమ్మ కడుపు సల్లగుండా." చీపురు ఆపి చూసింది. "మీ ఊరే కదమ్మా. మీ వీదేనా?"

"మా ఇల్లే."

"అయితే నువ్వేనా?" సుశీలమ్మ ముఖం వెలిగిపోయింది.

తన నోట్లోంచి జారిన ఒక మాట తనకంటే ముందు బస్సెక్కి కుప్పం చేరిందని నవనీతకు అర్థమైంది. ఇక్కడ అది రాళ్లు వేస్తోంది. మదనపల్లెలో ఏం చేస్తోందో.

"అది కెమెరా కాదు పిన్నమ్మా," అంది.

"మరి?"

"ఎండ ఎంత ఉండాదో సూసే పెట్టె. నేనే అబద్దం సెప్పినా."

"యాల?"

నవనీత మెట్టు మీద కూర్చుని పేలికలు విప్పింది. సుశీలమ్మ కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది. అరికాళ్లు పచ్చిగా, మధ్య మధ్య నల్లగా, కోటింగు ముక్కలు మాంసంలో అతుక్కుపోయి ఉన్నాయి. సుశీలమ్మ వేణ్ణీళ్లు పెట్టింది, గుడ్డ తడిపి చుట్టూ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ అంది:

"ఈ మాట ఇంగెవురితోనూ అనబాక. ఆ పిల్లోడికి దేవుడుండాడు. నువ్వు కెమెరా కాదని సెప్పినావంటే, నిన్ను ఈ తూరి కాళ్లతో ఇడిసిపెట్టడు వాడు."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఏ పిన్నమ్మ అయినా అదే చెబుతుంది. నవనీత ఆ రోజంతా బడి మిద్దె మీది సొట్టల డబ్బాను చూస్తూ కూర్చుంది. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. అన్ని రాళ్లు తగిలినా అది ఎండ ఎంతుందో నిజమే చెబుతోంది. నాకు ఒక్క పైపు కనబడేసరికి నోరు పడిపోయింది అనుకుంది. తన మీద తనకు పుట్టిన అసహ్యం అరికాళ్ల మంటను మించిపోయింది.

మర్నాడు పలమనేరులో బస్సు మారి మదనపల్లె పోయింది. దారిలో పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుంది. కిటికీ కింద టీ అంగట్లో మండీ హమాలీలు ఇద్దరు నవ్వుకుంటూ టీ తాగుతున్నారు. ఒకడు చేత్తో తన్నడం ఎలాగో చూపిస్తున్నాడు.

మిషన్ ఆసుపత్రిలో తిమోతిని చూసి గుర్తుపట్టలేకపోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెంప మీద చర్మం లేచిపోయి మందు పూసి ఉంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు, వేళ్ల కొసలు మాత్రం బయటికి, నీలంగా. మంచం పక్కన నర్సు యూనిఫాంలో అతని భార్య జయశీల ఉంది. అదే ఆసుపత్రిలో ఆమె పని.

"ఎవురు?" అంది.

"పుంగనూరు నుంచి. నవనీత."

జయశీల లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "సూసి పోదామని వచ్చినావా? సూడు. నీ మొగుడు కేసు పెట్టినాడు, ఆడోళ్ల బొమ్మలు తీసినాడని. చర్చిలో మా పక్కన కూర్చునేవాళ్లు ఇప్పుడు మమ్మల్ని సూసి మొగం తిప్పుకుంటాండారు. ఆ చేత్తో ఇంగ కీబోర్డు వాయించలేడని డాక్టరు సెప్పినాడు. సూసినావు కదా, పో."

"కెమెరా అని సెప్పింది నేనే."

జయశీల చెయ్యి లేచింది. కొట్టేదే. నవనీత తప్పుకోలేదు, కళ్లు మాత్రం మూసుకుంది, భుజాలు ముందుకు ముడుచుకుంది. దెబ్బ ఎటునుంచి వస్తే ఎటు ముడుచుకోవాలో బాగా అలవాటైన ఒళ్లు. నర్సుకు అలాంటి ఒళ్లు తెలుసు. జయశీల చెయ్యి దించి కిందికి చూసింది. చెప్పుల్లో పేలికలు, పేలికల్లోంచి రసి.

"కూర్చో," అంది.

కింద కూర్చుని పేలికలు విప్పింది. చిమటాతో నల్లని ముక్కలు తీస్తూ ఉంటే నవనీత మంచం కోడు పట్టుకుని అంతా చెప్పింది. తాడు, కోటింగు, ఎర్ర లైటు, నోట్లోంచి వచ్చిన మాట. తిమోతి వాచిన పెదాలతో అడిగాడు:

"యాల సెప్పినావక్కా ఆ మాట? ఇంగేదన్నా సెప్పకూడదా?" అతని గొంతులో క్షమించడమేమీ లేదు. "ఎప్పుడు జరిగింది ఇది?"

"సోమారం. మద్దేనం."

తిమోతి ఎడమ చేత్తో దిండు కింద తడుముకుని ఫోను తీశాడు. తెర పగిలి ఉంది. బొటనవేలితో తిప్పి తిప్పి ఒకచోట ఆపాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను గుండె మీద బోర్లించి గోడ వైపు తిరిగాడు.

"దుమ్మనుకున్నా," అన్నాడు. "కన్ను మింద దుమ్ము పడింది, తుడుద్దామని వచ్చినా. అది నువ్వా అక్కా."

ఆ మధ్యాహ్నమే ఎస్సై ఇరుపక్షాలనూ పుంగనూరు స్టేషనుకు రమ్మన్నాడు. డాక్టరు వద్దన్నా తిమోతి కారులో వెనక సీట్లో పడుకుని వచ్చాడు. సుదర్శన్ ఇస్త్రీ చొక్కాలో, కదిరప్పతో కలిసి బెంచీ మీద ముందే కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద పగిలిన డబ్బా. నవనీత జయశీలను పట్టుకుని లోపలికి రావడం చూసి సుదర్శన్ సగం లేచాడు, మళ్లీ సర్దుకున్నాడు.

"ఫోను చేసింటే నేనే వచ్చి పిల్సుకొచ్చేటోణ్ణి కదా," అన్నాడు ఆమెతో. ఎస్సైతో, "మా ఇంటామె సార్. మొట్టమొదట కనిపెట్టింది ఈమే. అడగండి," అన్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు ఎస్సై.

నవనీత సుదర్శన్ చేతుల వైపు చూసింది. ఖాళీగా ఉన్నాయి, మోకాళ్ల మీద ఉన్నాయి. అవి ఎప్పటికీ అలాగే ఉండవని ఆమెకు తెలుసు.

"అది కెమెరా కాదు సార్. నేనే అబద్దం సెప్పినా."

సుదర్శన్ ముఖంలో రంగు మారడం ఆమె చూడలేదు. చూస్తే రెండో మాట రాదని తెలిసి టేబుల్ అంచునే చూస్తూ చెప్పింది. "నన్ను మిద్దె మింద ఎండలో నిలబెట్టినాడు. కాళ్లు కాల్తాండాయి. కెమెరా అంటే ఇడిసిపెడతాడని సెప్పినా. ఆ పిల్లోడు ఏ తప్పూ సెయ్యలేదు. కొట్టేటప్పుడు సెప్పాల్సింది. భయపడి సెప్పలేదు."

"నేర్పిచ్చి తెచ్చుకున్నారు సార్," అన్నాడు సుదర్శన్. నవ్వాడు కూడా. "మిద్దె మింద నిలబడితే కాళ్లు కాల్తాయా? సేన్లో ఆడోళ్లంతా సెప్పుల్లేకుండానే తిరగతాండారు ఎండాకాలం. మొగుడూ పెళ్లాల మాట వేరే. కెమెరా సంగతి సూడండి."

ఎస్సై డబ్బాను తిప్పి చూశాడు. "దీంట్లో బొమ్మలు రావా?"

"రావు సార్," అన్నాడు తిమోతి. "వేడి ఒకటే." ఎడమ చేత్తో ఫోను టేబుల్ మీద పెట్టి ముందుకు జరిపాడు. పగిలిన తెర మీద రెండు గీతలు. ఒకటి ఎర్రది, కొండెక్కినట్టు పైకి పోతోంది. ఇంకొకటి పచ్చది, కింద చదునుగా ఉంది.

"ఎర్రది నల్ల కోటింగు సార్. సోమారం మద్దేనం అరవై నాలుగు డిగ్రీలు. ఈడ సూడండి, గుంత పడింది. కన్నుకు అడ్డం ఏదో వచ్చినాది, కోటింగు కన్నా సల్లనిది. దుమ్మనుకున్నా. మనిషి సార్. ఈ గుంత ఈయమ్మ." మాట్లాడితే పెదవి చిట్లి నెత్తురు కారింది, తుడుచుకోలేదు. "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా. అరగంటకు పైన. ఆ పొద్దు ఆడ ఏం జరిగిందో ఎవురికీ తెల్దు, నాకూ తెల్దు. ఈమె సెప్పిన పొద్దూ ఇదీ సరిపోయినాయి."

ఎస్సై ఫోను దగ్గరికి తీసుకున్నాడు. "పచ్చది?"

"గడ్డి పక్క సార్. ముప్పై అయిదు."

ఎస్సై తలెత్తాడు. జయశీల ఎవరూ అడగకుండానే కింద కూర్చుని నవనీత పాదాలకు తను కట్టిన కట్లు విప్పేసింది. కదిరప్ప వంగి చూశాడు. చూసినవాడు వెంటనే ముఖం తిప్పుకోలేకపోయాడు.

"గడ్డి నీకు ఎంత దూరంలో ఉండె?" అని అడిగాడు ఎస్సై.

నవనీత ఆలోచించలేదు. ఎడమ కాలు ఎత్తి స్టేషను నేల మీద పక్కకు పెట్టింది.

"ఇంత సార్."

కదిరప్ప బెంచీ మీద నుంచి లేచాడు. తిమోతి విరిగిన మణికట్టును పట్టుకున్న తన చేతిని పంచెకు తుడుచుకుంటూ పోయి, గోడ దగ్గర నిలబడ్డాడు. బెంచీ మీద సుదర్శన్ ఒక్కడే మిగిలాడు. అతను ఇంకా డబ్బా వైపే చూస్తున్నాడు. "అయితే అది కెమెరా కాదు కదా సార్," అన్నాడు. ముఖంలో ఒకరకమైన తేలిక కనబడింది. "నన్ను ఎవురూ సూడలేదు కదా."

ఎస్సై పాత కాగితాలు పక్కకు నెట్టి తెల్లకాగితం తీశాడు. నవనీత ఇంటిపేరు అడిగాడు, వయసు అడిగాడు. రాయడం ఆపి, కానిస్టేబులును కుర్చీ తెమ్మన్నాడు.

"కూర్చోమ్మా. ఆ కాళ్లతో నిలబడలేవు."

"పర్లేదు సార్, నిలబడతా," అంది నవనీత. "ఈడ నేల సల్లగానే ఉండాది."